అత్తమ్మ ఎంచిన ల్యాండ్‌మాస్టర్

నేను కారు కొన్నప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. చంద్రపూర్ పక్కన బొగ్గుగనుల కాలనీలో, రెండు గదుల క్వార్టర్‌లో, నేనూ మా అత్తమ్మా ఉండేవాళ్లం. అంతకు ముందటి ఎండాకాలంలో గనిలో కప్పు కూలి నా భర్త చనిపోయాడు. అప్పటికి మాకు పెళ్లయి రెండేళ్లు. పిల్లలు లేరు. ఆయన బదులు నాకు గని స్టోర్‌లో పని ఇచ్చారు. ఎవరైనా చీటీ తెస్తే బోల్టులో, బేరింగులో, కేబుల్ చుట్టో తీసి ఇవ్వడం నా పని.

ఆ రోజుల్లో ఎలా ఉండేదానివని ఎవరైనా అడిగితే ఏడ్చానని చెప్పలేను. అన్నం తిన్నాక తిన్నానో లేదో తెలిసేది కాదు. స్నానం చేశానా లేదా అని దండెం మీది తువ్వాలు తడిమి చూసుకునేదాన్ని. చంద్రపూర్ ఎండకు రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటే ఊళ్లో అందరూ తిట్టుకునేవారు. నాకు అది ఎండ అని తెలిసేది, అంతే.

అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ప్రతి మంగళవారం ఊళ్లో దవాఖానకు తీసుకెళ్లాలి. ఒక మంగళవారం బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండోది లేపలేక అలాగే నిలబడిపోయింది. వెనక జనం తోస్తున్నారు. కండక్టర్ గంట కొట్టాడు, బస్సు కదిలింది. వెనక్కి పడబోతున్నదాన్ని నేను పట్టుకున్నాను. ఇద్దరం రోడ్డు పక్కన నిలబడ్డాం. బస్సు వెళ్లిపోయింది.

"అత్తమ్మా, కారు కొంటా," అన్నాను. అంతకు ముందు క్షణం దాకా ఆ ఆలోచన నాకు లేదు.

"కారా? నడిపేదెవరు?"

"నేనే."

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నేర్చుకో మరి," అంది. బస్సు పోయిన వైపు చూసి, "గీ మంగళారం ఆటోల పోదాం," అంది.

ఊళ్లో డ్రైవింగ్ నేర్పే చోట చేరాను. ఆ నెలలో నేర్చుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. జట్‌పురా గేటు కమాను కింద సైకిళ్లూ రిక్షాలూ ఎడ్లబండ్లూ ఒకేసారి దూరుతుంటే, మధ్యలోంచి కారు తీయమన్నాడు నేర్పేవాడు. తీశాను. "భయం లేదా తాయీ?" అన్నాడు, మరాఠీలో అక్కా అని. లేదు. భయపడాలన్నా లోపల ఏదో ఒకటి మెలకువగా ఉండాలి కదా. మొదటిసారికే లైసెన్స్ వచ్చింది.

కొత్త కంపెనీల కార్లు అప్పుడప్పుడే మా వైపు రావడం మొదలైంది. లోన్ ఇస్తామంటూ మనుషులు కాలనీ గేటు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చునేవారు. స్టోర్‌లో అందరూ కొత్త చిన్న కారు తీసుకొమ్మన్నారు. ఆయన ప్రాణానికి ఇచ్చిన సొమ్ము బ్యాంకులో ఉందని అందరికీ తెలుసు. ఆ సొమ్ముతో మెరిసే వస్తువొకటి తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టడం నాకిష్టం లేదు. దాన్ని చూసి జనం ఆయన్ని తలుచుకుంటారని కాదు. తలుచుకోకుండా కారును మెచ్చుకుంటారని.

అందుకే పాతది చూస్తానన్నాను. సామాను కోసం స్టోర్‌కు వచ్చే ఒక మిస్త్రీ ఉండేవాడు, పెద్దవాడు, పాత ఇంజన్లంటే ప్రాణం. మూడు కార్లు ఉన్నాయని చెప్పాడు. ఒకటి వరోరాలో, ఒకటి కోర్పనాలో, ఒకటి మా కాలనీలోనే. ఆదివారాలు తీసుకెళ్తానన్నాడు.

"నేను గూడ వస్త," అంది అత్తమ్మ.

"నీకేం తెలుస్తది అత్తమ్మా, కార్ల గురించి?"

"మా నాయిన ఎడ్లు కొననీకి పోతే నన్ను ఎంబడి తోల్కపోయేటోడు," అంది.

ఆమె పుట్టిల్లు సరిహద్దు ఊరు లక్కడ్‌కోట్. వాళ్లది తరాలుగా అక్కడ వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఎద్దు వయసు, పొగరు, దాచిన కుంటితనం చిన్నప్పుడే కనిపెట్టేదట.

వరోరాలో చూసింది అంబాసిడర్ టాక్సీ. నల్లగా నిగనిగలాడుతోంది. అత్తమ్మ చేతికర్ర ఊనుకుంటూ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. వంగలేదు కాబట్టి నన్ను వంగమంది. "తలుపు కింద గోరు పెట్టి గీకి చూడు." గీకాను. నల్లరంగు కింద పచ్చరంగు, దాని కింద తుప్పు. పొడి నా గోట్లో చేరింది.

"కొమ్ములకు నూనె రాసి తెచ్చిన ఎద్దు గిది," అంది అత్తమ్మ. "పా."

కోర్పనాలో ఒక పత్తి వ్యాపారి షెడ్డులో హెరాల్డ్ ఉంది. రెండు తలుపుల ఎర్ర కారు. పత్తి బోరాల మధ్య నిలబెట్టి ఉంచారు. బానెట్ నిండా దూది నూగు. మిస్త్రీ ఉఫ్ మని ఊదితే నూగు లేచి కింద ఎరుపు బయటపడింది. ఆ కారు అందమైనదని నాకు తెలుసు. రెండేళ్ల ముందు అయితే దాని పక్కన ఫోటో తీయమని ఆయన్ని సతాయించేదాన్ని. అప్పుడు మాత్రం గోడ మీద క్యాలెండర్ చూసినట్టు చూశాను.

అత్తమ్మ వెనక సీటులోకి దూరలేకపోయింది. ముందు కూర్చుంది. కూర్చుంది గానీ లేవలేకపోయింది, సీటు అంత కిందికి ఉంది. వ్యాపారి, మిస్త్రీ చెరో చెయ్యి పట్టి లాగారు. బయటికి వచ్చి ఆయాసం తీర్చుకుని అంది, "మంచిగనే ఉన్నది బిడ్డా. నువ్వొక్కదానివే తిరుగుతనంటే తీసుకో."

"వద్దు," అన్నాను. వద్దన్నందుకు నాకేమీ బాధ కలగలేదు. వ్యాపారి ముఖమే చిన్నబోయింది.

మూడోది మా కాలనీ డాక్టరు గారి ల్యాండ్‌మాస్టర్. అంబాసిడర్ కంటే ముందు వచ్చిన కారు అది. కోస్తా నుంచి వచ్చి ఉద్యోగమంతా గని దవాఖానలోనే చేసి, రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తున్నారు ఆయన. నా భర్త చావు కాగితం మీద సంతకం ఆయనదే. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రేకుల షెడ్డులో, ఖాకీ గుడ్డ కుట్టించిన ముసుగు కింద ఉంది కారు. బూడిద రంగు. బొగ్గుపొడి పడే ఊరికి ఆ రంగే నయమని అప్పట్లో ఎంచుకున్నారట. ముందు భాగంలో ఇనప హ్యాండిల్ దూర్చి ఆయన ఒక్కసారి తిప్పితే దగ్గినట్టు దగ్గి, తర్వాత కుదురుగా తిరగసాగింది. మిస్త్రీ చెవి దగ్గరగా పెట్టి విని తలూపాడు. అంబాసిడర్ సామాను చాలావరకు దీనికి సరిపోతుందని నాకు చెప్పాడు.

అత్తమ్మ ఇంజన్ వైపు చూడనేలేదు. వెనక తలుపు తెరిచి కూర్చుంది. తలుపు వేసుకుంది. మళ్లీ తీసి లేచింది. మళ్లీ కూర్చుంది. ఇలా మూడుసార్లు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

"కూసుంటున్న, లేస్తున్న," అంది. "గిదే."

డాక్టరు గారు నవ్వలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "అమ్మాయ్, దీన్ని తొందరపెట్టకూడదు. పొద్దున లేపగానే పరుగెత్తమంటే పరుగెత్తదు," అన్నారు.

"నాకు తొందరేం లేదు డాక్టర్ గారూ."

"బ్రేకు మాత్రం ముందుగా తొక్కాలి. ఆగాలని అనుకున్నప్పుడు కాదు, అంతకంటే ముందు."

తల ఊపాను. ఆయన ఇంకేదో చెప్పబోయి, ముసుగు గుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టారు. ఆ మడత చాలాసేపు పెట్టారు.

ఇక ఇన్సూరెన్స్. డాక్టరు గారు ఏటేటా చట్టానికి కావలసినంత వరకే కట్టేవారు. అంటే మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకు ఇచ్చేది. బండికి ఏమైనా అయితే రాదు. "అంత పాత గాడీకి అది చాలమ్మా," అన్నాడు మిస్త్రీ. నాకు పూర్తి బీమా కావాలి. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడూ సరిగ్గా చెప్పలేను. మా ఆయన పోయాక నేను దేనికీ పట్టుబట్టలేదు. ఏ క్వార్టర్ ఇస్తే అందులో చేరాను, ఏ పని చెప్తే అది చేశాను. దీనికి మాత్రం పట్టుబట్టాను.

బీమా ఆఫీసు చంద్రపూర్ బజారులో మేడ మీద. అత్తమ్మ ఒక్కో మెట్టూ కూర్చుంటూ ఎక్కింది. ఆఫీసరు నలభై దాటిన మనిషి, మరాఠీ ఆయన, మర్యాదస్తుడు. మేం మాట్లాడుకున్నది మరాఠీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆర్‌సీ పుస్తకం తిప్పి చూసి, కారు తయారైన సంవత్సరం దగ్గర వేలు ఆపాడు.

"తాయీ, ఇది మీ కంటే పెద్దది."

"అవును."

"దీనికి పూర్తి పాలసీ ఇవ్వరు. మా లెక్క ప్రకారం దీనికి విలువే లేదు. విలువ లేనిదానికి బీమా ఎలా చేస్తాం?"

"నేను కొన్నాను కదా. కొన్నానంటే విలువ ఉన్నట్టే."

"అది మీ విలువ. మాకు కాగితం మీద చూపించే విలువ కావాలి." ఆయన విసుక్కోలేదు, నిజంగానే నాకు అర్థం కావాలని చెబుతున్నాడు. "అందరూ చేసినట్టు థర్డ్ పార్టీ చేయించుకోండి. పది నిమిషాల్లో పంపిస్తాను."

నేను లేవలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఫైలు మూసి మళ్లీ తెరిచాడు.

గోడ పక్క బెంచీ మీద కూర్చున్న అత్తమ్మ గొంతు వినిపించింది. ఆమె మరాఠీ సరిహద్దు ఊరి మరాఠీ, సగం తెలుగే.

"సాబ్. నా కొడుకు బొగ్గు ఖాన్‌ల సచ్చిపోయిండు. ఇరువై ఎనిమిదేండ్లు. వానికి ఇంత అని సర్కారు కాగజ్ మీద రాసిన్రు. నేను అంగూటా ముద్ర ఏసిన. మనిషికి ధర కట్టొచ్చింది గానీ, గీ ఇనుముకు కట్టరాదా మీకు?"

పక్క టేబుళ్ల దగ్గర టైపు కొట్టే చప్పుడు ఆగిపోయింది. ఆఫీసరు కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గూ వేయలేదు. నా ఎదురుగా స్టాంపు ప్యాడ్ మూత తెరిచి ఉంది. సిరా ఆరిపోతుందనిపించి దాన్ని మూశాను.

కొంతసేపటికి ఆయన అన్నాడు, "సర్వేయర్‌ను పంపిస్తాను. బండి చూసి ఆయన ఎంత విలువ రాస్తే అంత. నాగ్‌పూర్ ఆఫీసు ఒప్పుకోవాలి. ఒప్పిస్తానని మాట ఇవ్వలేను, రాస్తాను." తర్వాత నా వైపు తిరిగాడు. "లైసెన్స్ వచ్చి ఎన్నాళ్లయింది?"

"నాలుగు నెలలు."

"డ్రైవర్‌ను పెట్టుకోకూడదా?"

"నేనే నడుపుతాను."

"చిన్న వయసు, కొత్త చెయ్యి, పాత బండి." మూడు వేళ్లు మడిచాడు. "ఏదైనా జరిగితే మొదటి కొంత నష్టం మీరే భరించాలని రాస్తారు. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను.

సర్వేయర్ శనివారం వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ప్లాస్టిక్ సంచి. టైర్లు నొక్కాడు, హారన్ కొట్టాడు, చాపలు ఎత్తి నేల రేకు చూశాడు. తర్వాత బానెట్ ఎత్తి, చాసిస్ నంబరు మీద మసి తుడిచి, పల్చటి కాగితం పరిచాడు. కాగితం జరగకుండా పట్టుకొమ్మని అత్తమ్మకే చెప్పాడు, దగ్గరగా నిలబడింది ఆమే కాబట్టి. పెన్సిల్ పక్కకు వాల్చి కాగితం మీద మెల్లగా రుద్దాడు. నల్లటి గీతల మధ్య తెల్లగా అంకెలు ఒక్కొక్కటే లేచాయి.

"గదేంది?" అంది అత్తమ్మ.

"బండి అసలు నంబరు, ఆజీ. నేను రాస్తే చెల్లదు. ఇట్లా బండి మీంచే రావాలి."

చదువు రాని ఆమె ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చింది.

మూడు వారాలకు ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఒప్పుకున్నారు. మళ్లీ మెట్లు ఎక్కాం. ఆఫీసరు విలువ గడిలో సర్వేయర్ రాసిన అంకె వేసి చూపించాడు. మేం కొన్న ధర కంటే తక్కువే. అత్తమ్మ ఎంతని అడగలేదు, "రాసిన్రా?" అని మాత్రం అడిగింది. రాశారన్నాను.

ఇంకో కాగితం నా ముందుకు జరిపాడు. బండితో పాటు నడిపేవారికి ప్రమాద బీమా. "నామినీ పేరు రాయండి," అన్నాడు.

నామినీ అన్న మాట అంతకు ముందు నేను ఒక్కచోటే చూశాను, మా ఆయన కాగితాల్లో. ఆ గడిలో నా పేరు ఉండేది. కలం పట్టుకుని కొంచెంసేపు కూర్చున్నాను. తర్వాత అత్తమ్మ పేరు రాశాను. పక్క గడిలో, సంబంధం అన్నచోట, అత్త అని రాశాను.

ఆఫీసరు చూశాడు. "పుట్టింటివాళ్లు లేరా తాయీ?"

"ఉన్నారు."

"మరి?"

"నేను ఉండేది ఈమెతో."

అత్తమ్మకు విషయం అర్థమైంది. "నా పేరేంది? నీ కంటె ముందు పోయేది నేను. కొట్టేయ్."

"ఇంకుతోని రాసిన అత్తమ్మా. కొట్టెయ్య రాదు."

మెట్లు దిగేటప్పుడు సగంలో ఆగి నా భుజం పట్టుకుంది. "నీకేమన్న అయితే గా పైసలు నేనేం జేసుకోను? సక్కగ నడుపు," అంది. నా భుజం వదలకుండానే మిగతా మెట్లు దిగింది.

అప్పటినుంచి మంగళవారాలు కారులోనే వెళ్లేవాళ్లం. మొదట్లో జనం ఆగి చూసేవారు. భర్త పోయిన పిల్ల, ముసలి కారు, వెనక సీటులో మహారాణిలా అత్త. ఎవరో ఒకరు ఏదో అనేవారు. అవి అద్దం బయటే ఉండిపోయేవి. నేను స్టీరింగ్ చూసేదాన్ని, రోడ్డు చూసేదాన్ని. బ్రేకు ముందుగా తొక్కేదాన్ని. ఆ గంటసేపు చేతులకూ కాళ్లకూ పని ఉండేది. దాన్ని సంతోషం అనను. పని, అంతే.

వానాకాలంలో ఒక మంగళవారం బల్లార్‌పూర్ రోడ్డు మీద రైల్వే గేటు పడింది. మా ముందు బొగ్గు లారీ ఒకటి ఎత్తు మీద ఆగి ఉంది. గేటు లేచింది, లారీ ముందుకు పోయే బదులు వెనక్కి జారడం మొదలైంది. నేను హారన్ కొట్టాను. అది ఆగలేదు. మెల్లగా, ఎవరో నెట్టినట్టు వచ్చి మా ముందు మడ్‌గార్డును ఒత్తుకుంటూ నొక్కేసింది. దీపం పగిలింది. అప్పుడు ఆగింది.

లారీ డ్రైవర్ దిగి వచ్చి కారును చూసి, "ఇంత పాత డబ్బా, దీనికేం పోయింది?" అన్నాడు.

నేను దిగాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. తెలుగు, మరాఠీ, హిందీ, అన్నీ కలిపి అరిచాను. నీ కళ్లెక్కడున్నాయన్నాను. లోపల ముసలి మనిషి ఉందన్నాను. దీనికి కాగితం ఉంది, విలువ రాసిన కాగితం, చదువుతావా అన్నాను. ఏడాదిన్నరగా నేను ఎవరి మీదా గొంతు ఎత్తలేదు. అది బయటికి వస్తుంటే ఇంకెవరో అరుస్తున్నారేమో అని చుట్టూ చూడబుద్ధయింది. జనం పోగయ్యారు. డ్రైవర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

వెనక అద్దం దించి అత్తమ్మ తల బయట పెట్టింది. "ఒర్రు బిడ్డా," అంది. "ఇంక ఒర్రు."

అరవడానికి ఇంకేమీ మిగల్లేదు. లారీ నంబరు రాసుకున్నాను, డ్రైవర్ పేరు రాసుకున్నాను. గేటు పక్క బండి మీద మిరపకాయ భజీలు వేస్తున్నారు. ఆ వాసనకు కడుపులో మెలిపెట్టినట్టయింది. ఒక నిమిషం పట్టింది అది ఆకలి అని తెలియడానికి. రెండు పొట్లాలు తెచ్చాను. కారులో కూర్చుని, వాన శబ్దం వింటూ తిన్నాం. నాలుక మండింది. అత్తమ్మ తన పొట్లంలోంచి ఇంకోటి తీసి నాకిచ్చింది.

క్లెయిమ్‌కు నాలుగు నెలలు పట్టింది. అదే సర్వేయర్ వచ్చి అదే ప్లాస్టిక్ సంచిలోంచి టేపు తీసి కొలిచాడు. మిస్త్రీ మడ్‌గార్డును సుత్తితో మెల్లమెల్లగా కొట్టి ఆకారానికి తెచ్చాడు గానీ ఆ బూడిద రంగు ఎక్కడా దొరకలేదు. ఆ ఒక్క ముక్కా కొంచెం నీలంగా ఉండిపోయింది.

ఒక్క రోజు అరిచినంత మాత్రాన నేను బాగుపడలేదు. మర్నాడు మళ్లీ మునుపటిలాగే లేచాను, స్టోర్‌కు వెళ్లాను. కాకపోతే మధ్యమధ్యలో, వారానికోసారో పదిరోజులకోసారో, చాయ్ వేడిగా ఉందని, పక్క క్వార్టర్ రేడియో గట్టిగా మోగుతోందని తెలిసేది.

కారు కొన్న ఆరో ఏడు చలికాలంలో అత్తమ్మ ఇంట్లోనే, నిద్రలో పోయింది. అప్పుడు ఏడ్చాను, అందరూ ఏడ్చినట్టే. లక్కడ్‌కోట్ నుంచి వచ్చిన వాళ్లు నన్ను పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

తర్వాత ఏడాది నాగ్‌పూర్‌లో పాత కార్లు సేకరించే ఒకాయన ల్యాండ్‌మాస్టర్‌ను అడిగాడు. నేనే నడుపుకుంటూ తీసుకెళ్లి అప్పజెప్పాను. తిరిగి ఎర్ర బస్సులో వచ్చాను, కిటికీ పక్క సీటు. పక్కన కూర్చున్న ఆవిడ నాకు వేరుశెనక్కాయలు పెట్టి, ఇంట్లో ఎవరెవరు ఉన్నారని అడిగింది. అలాంటి ప్రశ్నకు ఎప్పుడూ ఒక్క ముక్కలో జవాబు చెప్పి తల తిప్పుకునేదాన్ని. ఆ రోజు చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయన గురించి, మా అత్తమ్మ గురించి. వరోరా స్టాండులో బస్సు ఆగి, జనం దిగి, కొత్త జనం ఎక్కారు. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.